వెనిగర్ వాసన, ఒక్క నిమిషం, బోలెడు కృతజ్ఞతలు

ఇలాంటివి పదిమందిలో చెప్పుకోవద్దని ఇంట్లో కొందరన్నారు. కానీ మా ఆశా అక్కకు, ఆరోగ్య కేంద్రం నర్సు మేడంకు, జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మకు థాంక్స్ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నాకు 38 ఏళ్లు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు రమ్మని అక్క మూడుసార్లు ఇంటికొచ్చింది. రెండుసార్లు పనుందని తప్పించుకున్నాను. అంతకుముందు ఏడాది ఒక ప్రైవేటు ల్యాబులో పాప్ స్మియర్‌కు (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్షకు) డబ్బు కట్టి మూడు వారాలు తిరిగితే, చివరికి "నమూనా సరిపోలేదు, మళ్లీ రండి" అన్నారు. డబ్బు కట్టినదే అలా ఏడిస్తే ఊరికే చేసేది ఎలా ఉంటుందిలే అనుకున్నా.

మూడోసారి వెళ్తే, నర్సు మేడం దూదిని పలచటి అసిటిక్ యాసిడ్‌లో ముంచి లోపల అద్దారు. గదంతా నూడుల్స్ బండి దగ్గర వచ్చే వెనిగర్ వాసన. "ఇదేనా పరీక్ష?" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం ఆగి, లైటు దగ్గరకు లాక్కుని, "ఇక్కడ తెల్లగా తేలింది. క్యాన్సరని కాదు, కానీ చూపించుకోవాలి" అని అక్కడికక్కడే చీటీ రాసిచ్చారు.

జిల్లా ఆసుపత్రిలో ముక్క తీసి పంపితే సిన్ 2 అని వచ్చింది. క్యాన్సర్ కాదు, వదిలేస్తే కొందరిలో కొన్నేళ్లకు అటు తిరిగే మార్పు. ఆ మేరకు తీసేసి సాయంత్రానికి ఇంటికి పంపారు.

ల్యాబులో నేను పడ్డ పాట్లన్నీ చెబితే డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. పాప్ చెడ్డదేం కాదట, కణాలను చదివే నిపుణులు ఉండాలి, రిపోర్టు కోసం మనిషి మళ్లీ రావాలి. వెనిగర్ పరీక్ష చవక, ఫలితం వెంటనే, కానీ అంతా చూసే కంటి మీదే ఆధారం. ఇన్‌ఫెక్షన్ ఉన్నా తెల్లబడొచ్చు. మా పక్కింటామెకు అలాగే అయింది, ముక్క పరీక్షలో ఏమీ లేదని తేలేదాకా ఆమె పడ్డ టెన్షన్ చూశాను. అయినా ముంబై మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆడవాళ్లకు శిక్షణిచ్చి రెండేళ్లకోసారి ఇదే చేయిస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయట. మహారాష్ట్రలోనే అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో 1,30,000 మందికి పైగా ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. అందులో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్షకే మరణాలు దాదాపు సగమయ్యాయి. ఒక్కసారి చేసిన పాప్‌తో గానీ వెనిగర్‌తో గానీ అంత తేడా రాలేదు. "కిట్టు ధర దిగితే నేనూ అందరికీ హెచ్‌పీవీయే చేస్తాను" అన్నారావిడ.

మా పెద్ద వదినకు మాత్రం ఆ హెచ్‌పీవీ పరీక్షే రాశారు. తనకు 56. నెలసరి ఆగాక ఆ మార్పులొచ్చే చోటు లోపలికి జరిగిపోతుందట, వెనిగర్ రాసినా కంటికి ఆనదు. చిన్న బ్రష్ ఇస్తే కర్టెన్ వెనక్కి వెళ్లి తనే నమూనా తీసుకుంది. పురుళ్ల తర్వాత డాక్టరు గడప తొక్కని మనిషి, "ఓస్, ఇంతేనా!" అంటూ బయటికొచ్చింది. నెగటివ్ వచ్చింది.

అక్కకు చీర పెట్టబోతే తీసుకోలేదు. "మీ వీధిలో ముప్పై దాటినోళ్ల పేర్లు రాసివ్వు, చాలు" అంది. పదకొండు పేర్లు రాశాక, "మరి నువ్వు చేయించుకున్నావా అక్కా?" అని అడిగాను. మాట మార్చేసింది. పన్నెండో పేరు తనదే రాసిచ్చాను.