పగలు కూడా లైటు వెలగనివ్వండి: రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నాది 2014 నాటి బైకు. రోజూ మా ఊరి నుంచి కోదాడకు సింగిల్ రోడ్డు మీద వెళ్ళొస్తాను. మొన్న సంక్రాంతి ముందు, పొద్దున ఏడింటికి, మంచులో ఒక ఆటో లారీని దాటుతూ నా మీదకే వచ్చేసింది. బండిని మట్టిలోకి దించేశాను. డ్రైవర్ వణికిపోతూ దిగి, "అన్నా, నువ్వు అసలు కనపడలేదే" అన్నాడు. నిజమే. బండి బూడిద రంగు, జర్కిన్ బూడిద రంగు, లైటు ఆపేసి ఉంది.

అప్పటి నుంచి పగలు కూడా లోబీమ్, అంటే కిందికి పడే హెడ్‌లైటు, వేసే నడుపుతున్నాను. ఎదురొచ్చేవాళ్ళు వేళ్ళు ముడిచి తెరుస్తూ లైటు ఆపమని సైగ చేస్తారు, మంచి మనసుతోనే. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకు ఇంజిన్‌తో పాటే లైటు వెలగాలన్న నిబంధన ఉంది. అది ఎందుకో మాత్రం జనానికి సరిగ్గా చేరలేదు. బ్యాటరీ దిగిపోతుందని మెకానిక్‌తో స్విచ్ పెట్టించి ఆపేసేవాళ్ళూ ఉన్నారు.

లైసెన్సుకు వచ్చే ప్రతి ఒక్కరికీ ఈ మాట రెండు నిమిషాలు చెప్పించండి. పాత బండ్లవాళ్ళను కూడా లోబీమ్ వేసుకోమనండి. కళ్ళు బైర్లు కమ్మించే హైబీమ్‌ను, తెల్లటి ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లను మాత్రం వదలొద్దు. ఈసారి మంచు పడేలోపే ఇది మొదలుపెట్టించండి.

ఇట్లు,
రోజూ బండి మీద కోదాడ వెళ్ళొచ్చే ఒక ఉద్యోగి