బడి మాన్పించాం, ఉద్యోగాలు మానలేదు: మన హోమ్‌స్కూల్ కుటుంబాల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో ఒక నాన్నగారు లేచి అడిగింది గుర్తుందా? "మేమిద్దరం పొద్దున ఎనిమిదింటికి గడప దాటితే మళ్లీ రాత్రే, మరి పిల్లకు చదువు చెప్పేదెవరు?" అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు, టీ తాగి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. ఈ ఏడాది సంఘం పనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు మనం చేసిన తప్పు చెప్పేస్తాను. జూన్‌లో ఉత్సాహంగా టైంటేబుల్ వేసి అందరికీ పంచాం, తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి సైన్స్, ఇలా సాయంత్రం దాకా, అంటే బడి వద్దనుకుని వచ్చి ఇంట్లో మళ్లీ బడే పెట్టుకున్నాం. రెండు వారాలు నడిచింది. పగలు కుదరని పాఠాలు రాత్రి పదింటికి చెప్తూ పిల్లల కంటే ముందు మనమే నిద్రపోయాం (నేనైతే పుస్తకం మొహం మీద పెట్టుకుని మరీ). తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, బడిలో ఆరేడు గంటలంటే అందులో హాజరు, లైన్లు, నలభై మంది నోట్సులు దిద్దడం అన్నీ ఉంటాయి. ఒక్క పిల్లనో ముగ్గురినో ఎదురుగా కూర్చోబెట్టుకుంటే చిన్న తరగతులకు లెక్కలు, చదవడం, రాయడం కలిపి గంటన్నర చాలు. ఇప్పుడు మనలో చాలా ఇళ్లలో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది వరకే చదువు.

ఇక మిగతా పగలు పిల్లలెక్కడుండాలన్నదే అసలు తలనొప్పి. దానికి వంతులు పెట్టుకున్నాం. ఐదు ఇళ్లు ఒక జట్టు, ఒక్కో ఇంటికి వారంలో ఒక రోజు, ఆ రోజు పిల్లలంతా అక్కడే, మిగతా నాలుగు రోజులు ఆ అమ్మానాన్నలు నిశ్చింతగా డ్యూటీకి పోవచ్చు. మొదట్లో మియాపూర్ వాళ్లనీ కూకట్‌పల్లి వాళ్లనీ ఒకే జట్టులో వేసి పప్పులో కాలేశాం, పొద్దున ట్రాఫిక్‌లో పిల్లల్ని దించి ఆఫీసుకు చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. ఇప్పుడు నియమం ఒక్కటే, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నవాళ్లే ఒక జట్టు. మనలో నర్సుగా పనిచేసే సభ్యురాలికి వీక్లీ ఆఫ్ ప్రతివారం మారుతుంది కాబట్టి, వచ్చే వారం వంతులు శనివారం రాత్రి వాట్సాప్‌లో తేల్చుకుంటున్నాం.

క్యాబ్ నడిపే సభ్యుడు ఒకరు "నాకు చదువు చెప్పడం రాదండీ" అని వంతు తీసుకోవడానికి చాలా వెనకాడారు. ఆయన తన రోజువారీ లెక్కల పుస్తకం ముందేసి, లీటరుకు ఎంత మైలేజీ వచ్చింది, కమీషన్ ఎంత శాతం పోయింది, కిస్తీ కట్టగా ఏం మిగిలింది అని పిల్లలచేత వేయించారు. మా అబ్బాయికి శాతాలు అక్కడే వచ్చాయి, నేను నెల రోజులు చెప్పినా రానివి.

విహారాల సంగతి. సాలార్‌జంగ్ మ్యూజియానికి తీరా అందరం బయల్దేరింది శుక్రవారం, ఆ రోజు దానికి సెలవు. తప్పు నాదే. మళ్లీ వెళ్లినప్పుడు పన్నెండు కొట్టే వేళకు సంగీత గడియారం ముందు కూర్చున్నాం, గంట కొట్టే బొమ్మ తలుపు తీసుకుని బయటికొస్తే పెద్దవాళ్లే ఎక్కువ మురిశారు.

పదో తరగతి గురించి కాస్త శ్రద్ధగా చదవండి. మన పిల్లలు ఇద్దరు ఈసారి ఎన్ఐఓఎస్‌లో (బడికి వెళ్లకుండా ఇంట్లో చదివి పరీక్షలు రాసే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) చేరారు. పద్నాలుగేళ్లు నిండాలి, కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు, తెలుగు మీడియం కూడా ఉంది. పరీక్షలు ఏడాదికి రెండు విడతలు, ఏప్రిల్-మే లోనూ అక్టోబర్-నవంబర్‌లోనూ. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలు ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి రాయాలన్న టెన్షన్ అక్కర్లేదు, ఒక విడతలో రెండు, ఇంకో విడతలో మూడు రాసినా పర్వాలేదు, పని ఒత్తిడి ఉన్న ఇళ్లకు ఇంతకంటే వీలైన దారి నాకు కనబడలేదు. కానీ అసైన్‌మెంట్లను తేలిగ్గా తీసుకోవద్దు, వాటికి 20 శాతం మార్కులున్నాయి. ఒక అమ్మాయివి ఆఖరి రోజు అప్‌లోడ్ చేద్దామని కూర్చుంటే ఇంట్లో కరెంటు పోయింది, పక్క వీధి నెట్ సెంటర్లో తలుపులు మూసేలోపు ఎక్కించాం.

తాతయ్యలూ నానమ్మలూ అడిగే "ఇది చట్టానికి విరుద్ధం కాదా?" గురించి కూడా మాట్లాడుకున్నాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి, అందులో హోమ్‌స్కూలింగ్ అన్న మాటే లేదు, ఔననీ లేదు కాదనీ లేదు. మనకు పనికొచ్చేది నాలుగో సెక్షన్: బడిలో చేరని, లేదా మధ్యలో మానేసిన పిల్లల్ని ఆ వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. ఈ ఏడాది రెండు కుటుంబాలు పిల్లల్ని తిరిగి బడికి పంపాయి. దాన్ని ఓటమిగా లెక్కించొద్దని కమిటీలో గట్టిగానే అనుకున్నాం, ఆ పిల్లలు ఇప్పటికీ ఆదివారం ఆటలకు వస్తున్నారు. బడి మాన్పించేటప్పుడు టీసీ మాత్రం తప్పకుండా తీసుకోండి, తర్వాత వెతుక్కుంటూ తిరగడం ఒకరికి అనుభవమైంది.

డబ్బు లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి. చందాలో ఎక్కువ భాగం హాలు అద్దెకే పోయింది, సైన్స్ సామాన్లకు అనుకున్నంత మిగల్లేదు.

వచ్చే ఏటికి మనకు తేలనిది ఒకటుంది. చదువంతా అమ్మలే చూస్తున్నారు, వంతుల పట్టికలో నాన్నల పేర్లు నాలుగే. నిజాంపేట జట్టులో బుధవారం ఇంకా ఖాళీగా ఉంది, ఎవరైనా నాన్నగారు ఆ రోజు తీసుకుంటామంటే ఆదివారంలోగా నాకు చెప్పండి.

మీ కార్యదర్శి