అర్ధరాత్రి కేకు, తెల్లారాక మా గేటు

సంపాదకుడు గారికి,

నమస్కారం. విజయనగరం రింగ్ రోడ్డు దగ్గర ఒక కాలనీలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. మాకు దగ్గర్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఇళ్ల మధ్య అర్ధరాత్రి పార్టీలు చేసి గొడవ చేస్తే మొదటిసారి తల్లిదండ్రుల్ని పిలిపిస్తామని, రెండోసారి సస్పెండ్ చేస్తామని ఈమధ్య వాళ్లు క్లాసుల్లో సర్క్యులర్ చదివారట. ఇన్నాళ్లూ మేం ఎప్పుడెళ్లి అడిగినా "గేటు బయట జరిగేది మా బాధ్యత కాదండీ" అన్నవాళ్లే. సంతోషం. కానీ అందులో ఒకటి నాకు నచ్చలేదు, అది చెబుదామనే ఈ ఉత్తరం.

ముందు గొడవంటే ఏమిటో చెప్పాలి. మా పక్క బిల్డింగులో నాకు తెలిసి ముప్ఫై మంది కుర్రాళ్లుంటారు, అంటే నెలకి రెండు మూడు పుట్టినరోజులు ఖాయం. సరిగ్గా పన్నెండింటికి టపాసులు, సైలెన్సర్ పీకేసిన బళ్లు, బ్లూటూత్ స్పీకరు, పుట్టినరోజు కుర్రాణ్ణి నలుగురు పట్టుకుని మిగతా వాళ్లు తన్నడం, వాడు అరవడం. మొన్న అలాంటి రాత్రి తెల్లారాక మా ఆవిడ ముగ్గు గిన్నె పట్టుకుని బయటికెళ్తే గేటు ముందంతా కోడిగుడ్డు పెంకులు, స్ప్రే నురగ ఎండిన తెల్లటి మరకలు, గేటు గడియకి అంటిన క్రీము చుట్టూ చీమలు. నాలుగు బకెట్ల నీళ్లు పోసినా మధ్యాహ్నం దాకా నీచు వాసన పోలేదు. మా పెద్దాయనకి ఎనభై దాటాయి, టపాసు పేలితే లేచి కూర్చుంటారు, ఇక పడుకోరు.

100కి రెండుసార్లు ఫోన్ చేశాను. పోలీసుల్ని ఏమీ అనను, రెండుసార్లూ వచ్చారు. జీపు లైటు కనబడగానే పాట ఆగింది, జీపు మలుపు తిరిగాక పావుగంటకి మళ్లీ మొదలు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని, ఇళ్ల మధ్య రాత్రిపూట మోత 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన నియమాల్లోనే ఉంది. ఈ మాటే ఒక కుర్రాడితో అంటే, "అంకుల్, వినాయకచవితికి మీ కమిటీ డీజే ఒంటిగంట దాకా మోగింది కదా" అన్నాడు. పండగలకి ప్రభుత్వం ఇచ్చే సడలింపు కూడా పన్నెండు వరకే. ఆ డీజేకి నేనూ చందా ఇచ్చాను, ఏం చెప్పను!

మన ఊరికి చదువుకునే పిల్లలు కొత్తేమీ కాదు. 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు, ఘంటసాల గారంతటి వారు ఇక్కడ చదువుకునే రోజుల్లో మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకుని, కడుపు నింపుకున్నారు. వారాలు చేసుకుని, అంటే రోజుకో ఇంట్లో తిని, చదివినవాళ్లకైతే లెక్కే లేదు. ఆ ఆకలి రోజులు మళ్లీ రావాలని కాదు, కానీ ఫలానా కుర్రాడు ఫలానా అరుగు మీద పడుకుంటాడని వీధికి తెలిసేది. ఇప్పుడు ఈ ముప్ఫై మందిలో నాకు ఒక్కడి పేరూ తెలియదు, నేను వాళ్లకి ఉత్త అంకుల్‌ని. బిల్డింగు ఓనరు వైజాగ్‌లో ఉంటాడు. ఫ్యామిలీకిస్తే పదివేలు కూడా రాని పోర్షన్‌లో ఏడుగురిని పెట్టి తలకి మూడేసి వేలు లాగుతున్నాడు, ఫోన్ మాత్రం ఎత్తడు. కాలేజీ హాస్టల్ మొదటి ఏడాది వాళ్లకే చాలదు, రెండో ఏడు రాగానే బయట చూసుకోమంటారు. అలా చూసుకోగా చూసుకోగా మా వీధి దొరికింది.

నాకు నచ్చనిది ఆ మొదటి శిక్ష. గేటు పాడుచేసిన రోజు సాయంత్రం ఒక కుర్రాడు చీపురు పట్టుకుని వచ్చాడు. పలాస దగ్గర పల్లెటూరట, వాళ్లమ్మ జీడిపిక్కల పనికి వెళ్తుందట. "కాలేజీకి మాత్రం చెప్పకండి అంకుల్, అమ్మని రమ్మంటారు, ఒకరోజు కూలి పోద్ది" అన్నాడు. నేను చెప్పలేదు. కొడుకు చేసిన అల్లరికి తల్లి కూలి పోవడం ఏం న్యాయం? అదే వీధిని ఆదివారం పొద్దున్న ఆరింటికి వాళ్ల చేతే ఊడిపించండి, వార్డెనో లెక్చరరో పక్కన నిలబడండి. నాలుగు ఆదివారాలు చాలు.

ఇంకో రెండు పనులు కూడా కాలేజీ చేయాలి. ఏ కుర్రాడు ఏ బిల్డింగులో ఉంటున్నాడో, దాని ఓనరెవరో రాసుకోవాలి, పిల్లల్ని అదుపులో పెట్టమని ఆ ఓనర్లకీ చెప్పాలి. రాత్రి పది దాటాక కూడా ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి మా కాలనీకి ఇవ్వాలి. ల్యాండ్‌లైన్ వద్దు, అది అయిదింటి తర్వాత మోగుతూనే ఉంటుంది, చూశాం. వచ్చే నెల నుంచి ఫ్రెషర్స్ పార్టీలు మొదలవుతాయి, ఆలోపే ఇస్తే గేటుకి అంటించుకుంటాం.

ఇట్లు,
రింగ్ రోడ్డు కాలనీ వాసి,
విజయనగరం