గణిత విభాగం వార్షిక నివేదిక: డిగ్రీలా, రేడియన్లా?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం గణిత విభాగం చేసిన పనిలో ఎక్కువ భాగం ఒక్క విషయం మీదే నడిచింది. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో ఉందా అన్నదే ఆ విషయం. రెండూ కోణాన్ని కొలిచే పద్ధతులే, 180 డిగ్రీలంటే సుమారు 3.14 రేడియన్లు. ఇంత చిన్న సంగతికి ఏడాదంతా పట్టిందా అని సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈసారి ఆ పని గురించి వివరంగా రాస్తున్నాను. మిగతావి చివర్లో క్లుప్తంగా ఉంటాయి.

అమెరికాలో స్థిరపడిన మన ఊళ్ల వాళ్లు తమ పిల్లలు వాడి పక్కన పెట్టిన టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్లను సంఘానికి పంపారు. వాటిని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలో ప్లస్ టూ, డిప్లొమా పిల్లలకు లెక్కలు చెప్పే మన మాస్టార్లకు పంచాం. సామాన్లో సర్దేటప్పుడు బ్యాటరీలు తీసేసి పంపారు కాబట్టి, ఇక్కడ కొత్తవి వేయగానే ర్యామ్ క్లియర్ అయిందని స్క్రీన్ మీద వచ్చింది. ఆ మోడల్‌లో మెమరీ చెరిగిపోతే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. కోణాలకు మొదటి సెట్టింగ్ రేడియన్. ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "సైన్ 30 కొడితే మైనస్ 0.988 వస్తోంది మాస్టారూ, మెషీన్ పోయినట్టుంది, వెనక్కి పంపేయమంటారా?" అని.

మెషీన్‌కి ఏమీ కాలేదు. 30 డిగ్రీలకైతే 0.5 రావాలి గానీ, 30 రేడియన్లకు సైన్ విలువ నిజంగానే మైనస్ 0.988. అడిగినదానికి అది సరిగ్గానే జవాబు చెప్పింది.

తంటా ముదిరింది ఆ తర్వాత. పిల్లల దగ్గర ఉండేవి ఎక్కువగా కాసియో ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్, 991ఈఎస్ లాంటి చిన్న సైంటిఫిక్ కాలిక్యులేటర్లు. వాటిని రీసెట్ చేస్తే డిగ్రీకి వస్తాయి. టీఐ-84ని రీసెట్ చేస్తే రేడియన్‌కి వెళ్తుంది. "ఏదైనా తేడా వస్తే రీసెట్ కొట్టు" అని క్లాసులో ఒకే మాట చెబితే, సగం మందికి లెక్క కుదురుతుంది, మిగతా సగానికి చెడుతుంది. అందుకని రీసెట్ సలహా మానేసి, ఏ మోడల్‌కి ఏ మీటలో మన భాషలో ఒక కరపత్రం వేశాం. దాన్ని ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి రోజున పర్లాకిమిడిలో పంచాం. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో గ్రాంథికంలో కరపత్రం వేస్తే బాగుండదని, క్లాసులో ఎలా మాట్లాడతామో అలాగే రాశాం. వెనక పేజీలో ఒడియా కూడా ఉంది. ఒడియా మాస్టార్లు అడిగి మరీ తీసుకెళ్లారు.

కరపత్రం అందని వారి కోసం ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను. 82ఎంఎస్‌లో మోడ్ మీట రెండుసార్లు నొక్కితే డిగ్రీ, రేడియన్, గ్రేడ్ అని మూడూ కనిపిస్తాయి, డిగ్రీకి 1 నొక్కాలి. 991ఈఎస్‌లో షిఫ్ట్, మోడ్, 3. క్లాస్‌విజ్ 991ఈఎక్స్‌లో షిఫ్ట్, మెనూ, 2, ఆపై 1. టీఐ-84లో మోడ్ నొక్కి, బాణం మీటలతో డిగ్రీ అన్న మాట మీదికి వెళ్లి, ఎంటర్ నొక్కాలి. చాలామంది తప్పుతున్నది ఈ ఎంటర్ దగ్గరే. కర్సర్ డిగ్రీ మీద మిణుకుమిణుకుమంటుంటే సెట్ అయిపోయిందనుకుని బయటికొచ్చేస్తున్నారు. ఎంటర్ నొక్కకపోతే ఏమీ మారదు. రంగుల తెర ఉన్న టీఐ-84 ప్లస్ సీఈలో ఏ మోడ్‌లో ఉన్నదీ పైన పట్టీలో కనిపిస్తూనే ఉంటుంది. మనకు వచ్చిన నలుపు-తెలుపు మోడల్‌లో లెక్క చేసే తెర మీద ఆ సూచనే ఉండదు. కాసియోల్లో పైన చిన్న అక్షరం ఉంటుంది గానీ, బ్యాటరీ నీరసించి తెర వెలిసిపోతే అదీ కనబడదు.

కాబట్టి అక్షరాన్ని వెతకడం కన్నా ఒక లెక్క కొట్టి చూడడం మేలు. సైన్ ఇన్వర్స్ 1 కొట్టండి. 90 వస్తే డిగ్రీ, 1.5708 వస్తే రేడియన్, 100 వస్తే గ్రేడ్. ఈ గ్రేడ్ మన పాఠాల్లో ఎక్కడా అవసరం పడదు. ఫ్రాన్స్‌లో మెట్రిక్ కొలతలు తెచ్చిన కాలంలో లంబకోణాన్ని 100 భాగాలు చేశారు, అది ఇప్పటికీ ఆ మూడో ఎంపికగా మిగిలింది. 82ఎంఎస్‌లో 1 బదులు పొరపాటున 3 నొక్కిన పిల్లలకు సైన్ 30 విలువ 0.454 వస్తుంది. అది 0.5కి దగ్గరగా ఉండడంతో, ఎక్కడో రౌండ్ చేయడంలో తేడా అనుకుని వదిలేస్తారు.

డిసెంబర్ 22న, జాతీయ గణిత దినోత్సవం నాడు పెట్టిన శిక్షణ తరగతిలో అందరినీ ఎక్కువగా ఆలోచింపజేసింది ఇలాంటి తప్పులే. మైనస్ విలువ వస్తే ఎవరైనా ఆగి చూస్తారు. అసలు ప్రమాదం నమ్మేలా ఉండే తప్పు జవాబుతోనే. ఉదాహరణకి, గోపురం పాదం నుంచి 50 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే శిఖరం 60 డిగ్రీల కోణంలో కనిపిస్తోంది, ఎత్తెంత? సరైన జవాబు 86.6 మీటర్లు. రేడియన్‌లో కొడితే 16 మీటర్లు వస్తుంది. 16 మీటర్ల గోపురం లోకంలో లేనిదేం కాదు కాబట్టి పిల్లవాడు నిశ్చింతగా రాసేస్తాడు, మనం ఫార్ములా రాలేదనుకుని మార్కులు కోసేస్తాం. కొంచెం బొమ్మ గీస్తే ఇది దొరికిపోతుంది. కోణం 45 డిగ్రీలు దాటితే ఎత్తు దూరం కన్నా ఎక్కువే ఉండాలి కదా. పాతపట్నం నుంచి వచ్చిన ఒక మాస్టారు ఇక మీదట బొమ్మ లేని జవాబు దిద్దనని అక్కడే ప్రకటించారు. అంత కఠినంగా ఉండాలని నేననను గానీ, ఆయన ఉద్దేశం మాత్రం మంచిదే.

గ్రాఫుల సంగతి వేరు. టీఐ-84ని డిగ్రీలో పెట్టి, సాధారణ విండోలో, అంటే రెండు అక్షాలూ మైనస్ 10 నుంచి 10 వరకు ఉన్నప్పుడు, సైన్ ఎక్స్ గీయిస్తే అడ్డగీతలో కలిసిపోయిన ఒక గీత వస్తుంది. 10 డిగ్రీలకు సైన్ విలువ 0.17 మాత్రమే, ఆ తెర మీద అది ఒక చుక్క ఎత్తుకు కూడా రాదు. ఫంక్షన్ తప్పు కొట్టామనుకుని పిల్లలు మళ్లీ మళ్లీ టైప్ చేస్తుంటారు. జూమ్‌లో 7, అంటే జెడ్‌ట్రిగ్ ఎంచుకుంటే మోడ్‌కి తగ్గట్టు విండో అదే సర్దుకుంటుంది. పోలార్ గ్రాఫుల్లో, అంటే తీటా అనే కోణాన్ని బట్టి దూరం గీసే గ్రాఫుల్లో, దీనికి చుట్టం లాంటి జబ్బు ఒకటి ఉంది. రేడియన్‌లో ఉన్నప్పుడు తీటా గరిష్ఠం 6.28 ఉంటుంది. మోడ్‌ని డిగ్రీకి మార్చినా ఆ సంఖ్య అలాగే ఉండిపోతుంది. అప్పుడు పువ్వు రావాల్సిన చోట చిన్న ముక్క గీసి ఆగిపోతుంది. తీటా గరిష్ఠాన్ని 360కి పెంచాలి.

కాలిక్యులేటర్ లేనివాళ్లు ఫోన్లే వాడుతున్నారు, అదే ఎక్కువ. డెస్మోస్ గ్రాఫింగ్ మొదట రేడియన్‌లోనే తెరుచుకుంటుంది, పానా గుర్తు నొక్కి మార్చుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే గూగుల్ కాలిక్యులేటర్‌లో మీట మీద కనిపించేది ఇప్పుడున్న మోడ్ కాదు, నొక్కితే వచ్చే మోడ్. ఎక్సెల్‌లో సైన్ ఫంక్షన్ రేడియన్లనే తీసుకుంటుంది, డిగ్రీలిస్తే ముందు రేడియన్స్ ఫంక్షన్‌తో మార్చుకోవాలి. జియోజెబ్రాలో సైన్ 30కి డిగ్రీ గుర్తు చేర్చి కొడితే 0.5 వస్తుంది. టీఐ-84లోనూ యాంగిల్ మెనూ నుంచి డిగ్రీ గుర్తు పెడితే మోడ్ ఏదైనా జవాబు సరిగ్గా వస్తుంది. పిల్లలకు ఈ అలవాటే చేయాలని నా అభిప్రాయం.

కొందరు సభ్యులు కాలిక్యులేటర్లన్నిటినీ శాశ్వతంగా డిగ్రీలో ఉంచాలని తీర్మానం పెట్టమన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. ప్లస్ టూలో రేడియన్ రాగానే ఆ నియమం అడ్డొస్తుంది. ఎక్స్ విలువ 0.001 తీసుకుని సైన్ ఎక్స్‌ని ఎక్స్‌తో భాగిస్తే రేడియన్‌లో దాదాపు 1 వస్తుంది. డిగ్రీలో 0.01745 వస్తుంది, అంటే పై (π) విలువను 180తో భాగిస్తే వచ్చేది. సైన్ ఎక్స్ అవకలనం కాస్ ఎక్స్ అని మనం చెప్పేది రేడియన్‌లో మాత్రమే నిజమని పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు. మోడ్‌ని కావాలని తప్పుగా పెట్టి ఈ పాఠం చెప్పమని సభ్యులను కోరుతున్నాను. రేడియన్ అన్న పేరు 1873లో బెల్‌ఫాస్ట్‌లో జేమ్స్ థామ్సన్ ఇచ్చిన ప్రశ్నపత్రంలో తొలిసారి అచ్చయింది. పేరు కొత్తదే గానీ లెక్క పాతదే.

ఇంకొకటి, డిప్లొమా సర్వే చెప్పేవారికి. 30 డిగ్రీల 30 నిమిషాలను 30.30 అని కొట్టకూడదు, అది 30.5. డిగ్రీ-నిమిషాల మీట వాడించండి. టీఐ-84లో సైన్ రిగ్రెషన్ వేస్తే, అంటే ఇచ్చిన చుక్కలకు సరిపడే సైన్ గీతను వెతికిస్తే, వచ్చే సమీకరణం మోడ్ ఏదైనా రేడియన్లలోనే ఉంటుంది. దాన్ని డిగ్రీ మోడ్‌లో గీస్తే చుక్కల మీదుగా పోదు.

మిగతా పనులు. గ్రంథాలయానికి ప్లస్ టూ పుస్తకాలు కొన్నాం. వేసవిలో పదో తరగతి పిల్లలకు ఉచిత త్రికోణమితి తరగతులు జరిగాయి. బోర్డు పరీక్షలో కాలిక్యులేటర్ వాడనివ్వరు కాబట్టి వాళ్లకు పట్టికలే నేర్పాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాది రాయగడలో కూడా శిక్షణ తరగతి పెట్టాలని ఉంది, హాలు ఇప్పించగలవారు తెలియజేయండి. టీఐ-84లు తీసుకున్న మాస్టార్లు సెలవుల ముందు వాటిని సంఘం కార్యాలయంలో అప్పగించాలి. బ్యాటరీలు విడిగా కవర్లో పెట్టి, కవరు మీద మీ పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి, గణిత విభాగం