ఇమ్యూనిటీ పొడుల ప్రకటనల పక్కన ఈ సంగతీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం ఆరోగ్యం పేజీలో "ఇమ్యూనిటీ పెంచుకోండి ఇలా" అని వారం వారం ఏదో ఒకటి వస్తూనే ఉంది. కరోనా రోజుల్లో మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. దాని కిందే పొడుల ప్రకటనలు, కషాయాల ప్రకటనలు, ఏది వ్యాసమో ఏది ప్రకటనో పోల్చుకోవడం కూడా కష్టమే. వీటిని చదివేవాళ్లలో మాలాంటి ఇళ్లవాళ్లు కూడా చాలామంది ఉన్నారని గుర్తుచేయడానికే ఈ ఉత్తరం.

మా అమ్మాయికి టైప్ 1 షుగర్. బడికి వెళ్లే వయసులో వచ్చింది. తీపి ఎక్కువ తినిపించారా అని బంధువులు ఇప్పటికీ అడుగుతారు. తీపికీ దానికీ ఏ సంబంధమూ లేదు. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా టి కణాలు, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద పడి వాటిని చంపేశాయి. అంటే పిల్లకి ఉన్న ఇమ్యూనిటీయే దారి తప్పి సొంత ఒంటి మీదికి తిరిగింది. రుమటాయిడ్ కీళ్ల జబ్బు, లూపస్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నీ ఈ కోవలోవే, వీటినే ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. మన ఇళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర వెనక కూడా చాలాసార్లు ఉండేది ఇలాంటి జబ్బే, దాన్ని 1912లో మొదట వర్ణించిన జపాన్ డాక్టర్ హషిమోటో పేరుతోనే ఈనాటికీ పిలుస్తున్నారు. ఇలాంటి వాళ్లందరికీ "ఇమ్యూనిటీ పెంచుకోండి" అనే సలహా ఏ విధంగా పనికొస్తుందో మీరే చెప్పండి.

2025 అక్టోబరు 6న వైద్య నోబెల్ ప్రకటించిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో! ఆ బహుమతి సరిగ్గా ఈ విషయం మీద పనిచేసిన ముగ్గురికి వచ్చింది, జపాన్‌కి చెందిన షిమోన్ సకాగుచి, అమెరికా నుంచి మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్. కానీ మర్నాడు పత్రికల్లో పేర్లు, ఫొటోలు, బహుమతి సొమ్ము వచ్చాయే తప్ప వాళ్లు కనిపెట్టిందేమిటో నాలుగు వాక్యాల్లో ముగిసిపోయింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. చోటు చాలకపోతే మిగతాది కత్తిరించండి, ఈ భాగం మాత్రం ఉంచండి.

ఛాతీ ఎముక వెనక, గుండెకి పైన, థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. టి కణాలు పక్వమయ్యేది అక్కడే, మన ఒంటి మీదే తిరగబడేలా ఉన్నవాటిని చాలావరకు ఏరి చంపేసేది కూడా అక్కడే. ఆ ఏరివేతతో పని పూర్తయిపోతుందని చాలాకాలం అనుకున్నారు. అయితే 1969లో నిషిజుకా, సకాకురా అనే ఇద్దరు జపాన్ పరిశోధకులు, పుట్టిన మూడో రోజున ఎలుక పిల్లలకి థైమస్ తీసేస్తే వాటి అండాశయాలు దెబ్బతింటున్నాయని చూశారు. టి కణాలు తయారయ్యే గ్రంథినే తీసేస్తే రోగనిరోధక శక్తి తగ్గాలి కదా, మరి ఒంట్లో అవయవం ఎందుకు పాడైనట్టు? సకాగుచి ఆ తర్వాత కొన్నేళ్లకి క్యోటో యూనివర్సిటీలో వైద్యం పూర్తిచేసి పరిశోధన మొదలుపెట్టిన యువకుడు. ఈ ప్రశ్న ఆయన్ని ఎంతగా పట్టుకుందంటే ఉన్న కోర్సు వదిలేసి నగోయాలోని ఐచి క్యాన్సర్ సెంటర్‌లో నిషిజుకా ల్యాబ్‌కి వెళ్లిపోయారు. థైమస్ తీసేసిన ఎలుకలకి ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి కణాలు ఎక్కిస్తే జబ్బు రాలేదు. దాడి చేసే టి కణాల మధ్యే దాడిని ఆపేవి కూడా ఉన్నాయని ఆయనకి అప్పుడే అర్థమైంది.

ఆ మాట పైకి చెప్పడానికి మాత్రం అది మంచి కాలం కాదు. 1970లలో "సప్రెసర్ టి కణాలు" అంటూ చాలామంది పేపర్లు రాశారు, తీరా వాటికి ఆధారమని చూపించిన జన్యువు ఉండాల్సిన చోట అసలు లేనేలేదని 80ల్లో తేలేసరికి ఆ పేరెత్తితేనే తోటి శాస్త్రవేత్తలు నమ్మని పరిస్థితి వచ్చింది. సకాగుచి వదల్లేదు. ఆపే కణాలని మిగతావాటి నుంచి వేరుచేసే గుర్తు ఏదైనా ఉందా అని పదేళ్లకి పైగా వెతికారు. 1995లో దొరికింది. సిడి4 రకం టి కణాల్లో సుమారు 10 శాతం వాటి ఒంటి మీద సిడి25 అనే ప్రోటీన్ ఉంటుంది. ఆ 10 శాతం తీసేసి మిగతావి మాత్రమే టి కణాలు లేని ఎలుకలకి ఎక్కిస్తే థైరాయిడ్, పొట్ట, క్లోమం, కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతిన్నాయి, తీసేసినవాటిని కూడా సకాలంలో ఎక్కిస్తే జబ్బు రాలేదు. ఆ పేపర్ రాసినవాళ్లలో ఆయన భార్య నొరికో కూడా ఒకరు. వీటినే ఇప్పుడు రెగ్యులేటరీ టి కణాలు అంటున్నాం, బండికి బ్రేకు ఎలాగో రోగనిరోధక వ్యవస్థకి ఇవి అలాగ. ఆ అవయవాల వరసలో క్లోమం పేరు చదవగానే మా అమ్మాయి ఒంట్లో ఏం జరిగిందో నాకు కళ్లకి కట్టినట్టయింది.

మిగతా ఇద్దరిదీ మరో దారి. 1940లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో చర్మం పొలుసులుగా రాలిపోయే మగ ఎలుకలు కొన్ని పుట్టాయి, అవి కొన్ని వారాలకి మించి బతికేవి కావు. కారణం ఎక్స్ క్రోమోజోమ్‌లోనే ఉందని తెలుసు, ఏ జన్యువో తెలియదు. బ్రన్‌కో, రామ్స్‌డెల్ 1990లలో వెతికి వెతికి అనుమానం ఉన్న జన్యువులని 20కి తగ్గించారు, వాటిని ఒక్కొక్కటే చూస్తూ పోతే తప్పు చిట్టచివరి దానిలో దొరికింది. అదే ఫాక్స్‌పి3. అదే జన్యువు చెడిపోయిన మగపిల్లలకి పసితనంలోనే షుగర్, ఆగని విరేచనాలు, ఎగ్జిమా వస్తాయని 2001లో తేలింది. సకాగుచి చెప్పిన కణాలు తయారవడానికి కావాల్సింది ఈ జన్యువేనని 2003లో రుజువయింది.

దీంతో మందు వచ్చేసిందని నేను అనడం లేదు. రోగి రక్తం నుంచే ఈ కణాలని తీసి, ల్యాబ్‌లో పెంచి, మళ్లీ ఎక్కించే ప్రయత్నాలు ఇంకా ట్రయల్స్ దశలోనే ఉన్నాయి. క్యాన్సర్‌లో వ్యవహారం తిరగబడుతుంది, కణితి ఈ కణాలనే చుట్టూ పోగేసుకుని దాడి నుంచి తప్పించుకుంటుంది కాబట్టి అక్కడ వీటిని తగ్గించాలి. అందుకే ఇమ్యూనిటీని అందరికీ ఒకేలా "పెంచడం" కుదిరే పని కాదు. టి కణాల మీదే పనిచేసే టెప్లిజుమాబ్ అనే మరో మందుకి 2022 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, టైప్ 1 లక్షణాలు బయటపడకముందే ఇస్తే జబ్బుని సుమారు రెండేళ్లు వెనక్కి జరుపుతుంది. రెండేళ్లేనా అనుకోకండి. సూదులు లేని రెండేళ్ల బాల్యం అంటే ఏమిటో పొట్ట మీద రోజూ ఇంజెక్షన్ చేసుకునే పిల్లని అడగండి.

ఇక ఇమ్యూనిటీ కోసమని చాలామంది కషాయం కాచుకుని తాగే తిప్పతీగ సంగతి. కరోనా సమయంలో అది వాడిన కొందరికి కాలేయం దెబ్బతిందని, చూస్తే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లాగే ఉందని 2021లో ముంబై డాక్టర్లు, ఆ తర్వాత దేశంలో ఇంకొన్ని ఆసుపత్రుల వాళ్లు వైద్య పత్రికల్లో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఈ రెండు వైపులా చెప్పాల్సింది మీలాంటి పత్రికలే, కానీ నేను చదివినంతలో కషాయం కాచే పద్ధతి కనిపించింది తప్ప ఈ హెచ్చరిక ఎక్కడా కనిపించలేదు. ఇలాంటి పొడులు చేసే హాని కూడా ఊహించి రాస్తున్నది కాదు. మేం చూపించుకునే చోట ఒక తల్లితో మాట్లాడాను. ఎవరో పొడి ఇచ్చి షుగర్ తగ్గిపోతుందంటే నమ్మి బాబుకి ఇన్సులిన్ మానేయించింది, ఇన్సులిన్ లేక రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగిపోయి పిల్లాడు ఐసీయూకి చేరాడు. బతికాడు. ఆమెని తప్పు పట్టే మనసు నాకు రాలేదు, అంత ధైర్యంగా అబద్ధం చెబితే భయంలో ఉన్న మనిషి నమ్ముతుంది.

మీరు చేయగలిగినవి చెబుతాను. పొడుల ప్రకటన వేస్తే పైన "ప్రకటన" అని అందరికీ కనిపించేంత పెద్ద అక్షరాల్లో వేయండి. ఇమ్యూనిటీ వ్యాసం వేసిన ప్రతిసారీ, ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడొద్దని, ఇన్సులిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దని ఒక వాక్యం చేర్చండి. నెలకొకసారైనా రుమటాలజిస్టు చేతనో ఎండోక్రినాలజిస్టు చేతనో తేలిక తెలుగులో రాయించండి. మొదటిది టైప్ 1 పిల్లల గురించి వేస్తామంటే, మా పేరెంట్స్ గ్రూపులో తల్లిదండ్రులు రోజూ ఒకరినొకరు అడిగే ప్రశ్నలన్నీ పోగుచేసి పంపిస్తాను.

మీ పాఠకురాలు,
తెనాలి