రాసింది మేము, రుజువు చేయాల్సింది ఆమెనా?

సంపాదకులకు నమస్కారం.

అస్సాంలో ఎవరు పౌరులో, ఎవరు విదేశీయులో తేల్చే విదేశీయుల ట్రిబ్యునళ్ల వార్త చదివినప్పుడల్లా నాకు నా చేతిరాతే గుర్తొస్తుంది. రెవెన్యూ గుమస్తాగా దివిసీమ ఊళ్లలో ఓటర్ల జాబితాలు రాసినవాణ్ని. ‘వయసెంతమ్మా?’ అంటే, ‘ఉప్పెన నాటికి ఇద్దరు పిల్లల తల్లినయ్యా’ అనేవారు. 1977 నుంచి వెనక్కి లెక్కగట్టి ఏదో ఒక అంకె వేసేవాణ్ని. ఒక జాబితాలో వెంకటసుబ్బమ్మ, ఇంకోదాంట్లో ఉత్త సుబ్బమ్మ. ఇక్కడ దానివల్ల ఎవరి కొంపా మునగలేదు.

అస్సాంలో మునుగుతుంది. విదేశీయులన్న అనుమానం పడ్డ మనిషి, 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందే తాను గానీ, తన పెద్దలు గానీ ఇక్కడ ఉన్నట్టు చూపాలి. 1946 నాటి విదేశీయుల చట్టం ఆ రుజువు భారాన్ని ఆ మనిషి మీదే పెట్టింది. 2025లో కొత్త చట్టం వచ్చింది, భారం మాత్రం దిగలేదు.

ఆడవాళ్ల కష్టం మరీ వేరు. తండ్రి పేరు 1966 ఓటర్ల జాబితాలో ఉంటుంది. ఈమె పేరు జాబితాకెక్కేదే పెళ్లయ్యాక, అత్తవారి ఊళ్లో, భర్త పేరు పక్కన. బడికి పోలేదు, పుట్టుక నమోదు కాలేదు. ఆ తండ్రికి ఈమె కూతురేనని చెప్పడానికి మిగిలింది పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన పత్రం ఒక్కటే. సరిచూసుకుని దాన్ని తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ దాఖలు చేసినంత మాత్రాన కాగితం రుజువైనట్టు కాదు, ఇచ్చినవారు రికార్డుతో వచ్చి సాక్ష్యం చెప్పాలంటారు. ఆయన బదిలీ అయిపోయినా, రాకపోయినా నష్టం ఆమెకే. కూలి మానుకుని వాయిదాలకు తిరిగే మనిషి సర్కారు ఉద్యోగిని ఎక్కణ్నుంచి పట్టుకొస్తుంది?

పేర్లలో, తేదీల్లో చిన్నచిన్న తేడాలు పట్టుకుని విదేశీయుడని ముద్ర వేయకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు అంది. ఆ కేసులో ట్రిబ్యునల్ తీర్పు 2012 నాటిది. అంటే ఆ ఒక్క మాట రావడానికి 12 ఏళ్లు పట్టింది.

అసలు రిజిస్టర్లున్నది ప్రభుత్వ బీరువాల్లోనే కదా! వాటినీ, రాసిన ఉద్యోగినీ ట్రిబ్యునలే పిలిపించాలి. రాకపోతే ఆ తప్పు పౌరుల ఖాతాలో వేయకూడదు. నన్నెవరైనా పిలిస్తే, ఆ వయసులన్నీ నా అంచనాలేనని బోనులో నిలబడి ఒప్పుకుంటాను.

— ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, అవనిగడ్డ