ఆర్కిడ్‌కు వచ్చిన ప్రతి మొలకా పూలకాడ కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంటి తోటల పెంపకంపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, చలికాలం చివర ఆర్కిడ్ మొక్కకు పచ్చని మొలక కనిపిస్తే అది పూతకు సూచన అనీ, వెంటనే నీళ్లూ ఎరువూ పెంచాలనీ రాశారు. ఏడాది పొడవునా ఆకుతో ఉండే రకాలకు ఈ సలహా వల్ల పెద్ద నష్టం జరగకపోవచ్చు గానీ, ఏటా ఆకు రాల్చి కొన్ని నెలలు విశ్రాంతి తీసుకునే రకాలకు మాత్రం ఇది చాలా చేటు చేస్తుంది. అనంతపురంలో ఆర్కిడ్లు పెంచేవాళ్లలో చాలామంది బెంగళూరు నుంచి, ముఖ్యంగా జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శన జరిగే రోజుల్లో, మొక్కలు తెచ్చుకుంటారు. అంటే మొక్క నిద్రలో ఉన్నప్పుడే ఇంటికి చేరుతుంది, శివరాత్రి నాటికి మేలుకుంటుంది. అప్పుడు పొడుచుకొచ్చింది పిలకా, పూలకాడా అన్నది తేల్చుకున్న తర్వాతే నీళ్ల చెంబు చేతిలోకి తీసుకోవాలని మీ పాఠకులకు విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం.

ముందుగా డెండ్రోబియం అనే ఆర్కిడ్ల సంగతి. వీటిలో హిమాలయ పాదప్రాంతాలకూ ఈశాన్య రాష్ట్రాలకూ చెందిన నోబైల్ రకానికి కాండం చెరకు గడలా కణుపులు కణుపులుగా ఉంటుంది. ముందటి ఏడు ఎదిగిన గడ చలికాలంలో చాలావరకు ఆకు రాల్చుకుని, ఆ తర్వాత కణుపుల దగ్గరే పూస్తుంది. కాబట్టి గడ మొదట్లో, కుండీలోని బొగ్గులను ఆనుకుని వచ్చిన మొలక ఎంత బలంగా కనిపించినా అది పిలకే. చిక్కంతా కణుపు దగ్గర వచ్చేదానితోనే, ఎందుకంటే అక్కడ పూమొగ్గా రావచ్చు, పిల్లమొక్కా రావచ్చు, మొదట్లో రెండూ చిన్న పచ్చని బొడిపెలాగే ఉంటాయి. కొన్నాళ్లు ఆగి దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. పిల్లమొక్క అయితే కొన సూదిగా సాగి, చిన్న ఆకులు ఒకదానిలోంచి ఒకటి విచ్చుకుంటాయి, ఆ పైన అడుగు నుంచి వేళ్లు దిగుతాయి. పూమొగ్గ అయితే గుండ్రంగానే లావెక్కి, పొట్టి కాడ మీద రెండు మూడు మొగ్గలుగా విడిపోతుంది. పైగా పూమొగ్గలు సాధారణంగా ఒకే గడ మీద అనేక కణుపుల దగ్గర కొద్ది రోజుల తేడాతో ఉబ్బుతాయి. ఒక్క కణుపు నుంచే ఒంటరిగా వచ్చినదాన్ని నేనైతే ముందు పిల్లమొక్కగానే అనుమానిస్తాను.

ఈ తేడా తెలుసుకోవడం కేవలం కుతూహలం కోసం కాదు. కణుపు ఇంకా ఎటూ తేలని దశలో ఉన్నప్పుడు నీళ్లూ, నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువూ అందిస్తే, పూయవలసిన కణుపే పిల్లమొక్కను పెడుతుంది. నోబైల్ రకం బాగా పూయాలంటే రాత్రి ఉష్ణోగ్రత కొన్ని వారాలపాటు 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉండాలంటారు. అనంతపురంలో అంతటి చలి రోజుల తరబడి నిలవదు. మన చేతిలో ఉన్నది నీటిని తగ్గించడం ఒక్కటే కాబట్టి దాన్ని కూడా వదులుకోకూడదు. దసరా నాటికి ఎరువు ఆపి, దీపావళి తర్వాత నీళ్లు బాగా తగ్గించి, మొగ్గలు స్పష్టంగా గుండ్రబడేదాకా ఓపిక పట్టాలి. ఆకులు పసుపెక్కి రాలుతుంటే మొక్క చచ్చిపోతోందని బెంబేలెత్తి నీళ్లు పోయడం వల్లే ఎన్నో ఇళ్లలో ఈ మొక్క ఏళ్ల తరబడి పూయకుండా ఉండిపోతోంది. దుకాణాల్లో విరివిగా అమ్మే, ఫెలనాప్సిస్ అనే మరో ఆర్కిడ్‌ను పోలిన పూలు పూసే డెండ్రోబియం వేరు. దానికి పూలకాడ గడ పైభాగం నుంచి వస్తుంది, ఇంత కఠినమైన విశ్రాంతి అక్కరలేదు.

కెటాసీటం జాతి మరింత జాగ్రత్త కోరుతుంది. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల నుంచి వచ్చిన ఈ మొక్క చలికాలంలో పూర్తిగా ఆకు రాల్చి, ఉత్త గడ్డలుగా మిగులుతుంది. దీనికి పిలకా, పూలకాడా రెండూ గడ్డ అడుగుభాగం నుంచే వస్తాయి గనుక వచ్చిన చోటును బట్టి తేల్చడం కష్టం. ఆకారమే చూడాలి. పిలక మొదలు వెడల్పుగా, కాస్త బల్లపరుపుగా ఉండి, పొరలు రెండు వైపులా ఒకదాని మీద ఒకటి కప్పుకుని పైకి లేస్తుంది. పూలకాడ సన్నగా, గుండ్రంగా ఉండి, దూరదూరంగా ఉన్న కణుపులను చిన్న పొరలు అంటిపెట్టుకుని ఉంటాయి, త్వరలోనే కొన దగ్గర మొగ్గల బొడిపెలు బయటపడతాయి. దీని బంధువుల్లో మార్మోడీస్‌కు గడ్డ మధ్యభాగపు కణుపుల నుంచీ, సిక్నోకీస్‌కు పైకణుపుల నుంచీ పూలకాడ వస్తుంది. నల్లపూల ఆర్కిడ్ అని అమ్ముతున్న సంకర రకాలు కొన్ని ఆకు రాలిన గడ్డ మీదే చలికాలంలో పూస్తాయి. అందువల్ల మోడు గడ్డ పక్క నుంచి డిసెంబరులో ఏదైనా వస్తే కోసి పారేయకుండా ఉంచాలి.

ఇక ఫిబ్రవరి, మార్చి నెలల్లో కెటాసీటం అడుగున వచ్చేది ఎక్కువగా పిలకే. అది తన వేళ్లు ఊనే వరకు పాతగడ్డలో దాచుకున్న నీటితో, పోషకాలతోనే ఎదుగుతుంది. పాత వేళ్లు చాలావరకు పనిచేయవు. ఆ సమయంలో పోసిన నీళ్లను తాగే వేరు లేక, పొరల మధ్య నిలిచి, లేత పిలక మొదలంటా కుళ్లుతుంది, దానితో పాటు గడ్డ కూడా పోవచ్చు. కొత్త వేళ్లు 3 నుంచి 5 అంగుళాలు సాగేదాకా నీళ్లు పోయవద్దని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. మన ఎండలూ పొడిగాలీ చూసి భయం వేస్తుందన్నది నిజమే. వాన చాలా తక్కువగా పడే జిల్లా మనది. ఆ భయం తీరాలంటే కుండీ చుట్టూ నేల తడపాలి, పక్కన తడి గోనె వేలాడదీయాలి, మధ్యాహ్నపు ఎండ తగలకుండా నీడవల కట్టాలి. అంతేగానీ మొక్క మొదట్లో నీళ్లు పోయకూడదు.

మీ తోటల పేజీ బాధ్యులకు ఒక విన్నపం. ఆర్కిడ్ల గురించి రాసినప్పుడు ఏ రకానికి ఆ సలహా వర్తిస్తుందో పేరుతో సహా రాయండి. పిలక ఫొటోనూ, పూలకాడ ఫొటోనూ పక్కపక్కనే, మొలక దశలో ఒకసారి, పదిహేను రోజుల తర్వాత మరోసారి తీసి, ఫిబ్రవరి మొదటి వారంలోనే ప్రచురించండి. నర్సరీల వారు కూడా చలికాలంలో అమ్మే ప్రతి కుండీకీ మొక్క పేరూ, అది విశ్రాంతిలో ఉందన్న మాటా, నీళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే ఒక వాక్యమూ రాసిన చీటీ కట్టి ఇస్తే, కొన్నవాళ్ల డబ్బూ మొక్కా రెండూ దక్కుతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం